ఇసుక కుండలో పిన్ని మందు

పోయిన నెల బీపీ చూపించుకుందామని నరసరావుపేట వెళ్ళాను. డాక్టరు గది ముందు కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఈ రోజుల్లో అక్కడ కూర్చుంటే పెళ్ళి పందిట్లో కూర్చున్నట్టే ఉంటుంది. ఊరూ పేరూ అడగడానికి ముందే పక్కవాళ్ళు "మీకు షుగరెంతుంది?" అని పలకరిస్తారు. నా పక్క కుర్చీలో ఒక తల్లి, ఆమెకు ఆనుకుని ఒక బడిపిల్ల. పిల్ల జబ్బ మీద రూపాయి బిళ్ళంత తెల్లటిదేదో అంటించి ఉంది. ఉన్నట్టుండి తల్లి చేతిలో ఫోను కుయ్యిమంది. ఆమె ఫోను చూసుకుని, సంచిలోంచి చాక్లెట్టు తీసి, "తినెయ్ అమ్మా, పడిపోతంది" అంది. పిల్ల ఏ గొడవా చెయ్యకుండా తినేసి, కాయితాన్ని ఉండచుట్టి, నాకేసి చూసి నవ్వింది.

"ఏందమ్మా ఆ బిళ్ళ?" అని అడిగాను.

"పాపకి షుగరండి. ఒంట్లో ఎంతుందో ఎప్పటికప్పుడు అదే ఫోనుకు చెప్పేస్తది. మాటిమాటికీ సూది పొడవక్కర్లా" అంది ఆ తల్లి, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా.

లోపల నా పేరు పిలిచారట. నాకు వినపడలేదు. నేను మాచర్లలో మా తాతయ్య కొట్టు వెనకున్న ఇంట్లో, దొడ్లో, మునగచెట్టు కింద ఉన్నాను.

మా నాన్నది నకరికల్లు దగ్గర ఉద్యోగం. వేసవి సెలవులివ్వగానే నన్ను తాతయ్యతో మాచర్ల రైలెక్కించేవాళ్ళు. బొగ్గింజను రైలు. దిగేసరికి గౌను నిండా నల్లటి నలుసులు. మాచర్లలో రైలు ఆగిపోతుంది, ఆ తర్వాత పట్టాలే లేవు. దిగగానే ఇంజను ముందుకు పరిగెత్తుకెళ్ళి పట్టాలు అయిపోయిన చోటు చూడకపోతే నాకు తోచేది కాదు. అటు మట్టి, కంపచెట్లు, ఎండ. లోకం ఇక్కడికి అయిపోయిందని నాకో గట్టి నమ్మకం.

ఇల్లు ముందు భాగం కిరాణా కొట్టు, వెనక కాపురం. మధ్య గదిలో పడుకుంటే బెల్లం వాసన, ఎండుమిరపకాయల ఘాటు, గోనెసంచుల మట్టివాసన, కిరసనాయిలు వాసన అన్నీ కలిసి వచ్చి మీద పడేవి. వెళ్ళిన మొదటి రోజంతా తుమ్ములే. "అదిగో, వచ్చిందిరా నకరికల్లు పిల్ల" అని కొట్లో బేరానికొచ్చినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

మా అమ్మకు ఆఖరి చెల్లెలు పిన్ని. హైస్కూలు అయిపోయి ఇంట్లో ఉండేది. నాకు పిన్ని అంటే పిచ్చి. చింతకాయ తొక్కులో ఉల్లిపాయ నంచుకోవడం, గోడ మీద నడవడం, కొట్లో తాతయ్య కునుకు తీస్తుంటే గల్లాపెట్టె వెనక డబ్బాలోంచి కలకండ కొట్టెయ్యడం, అన్నీ నాకు ఆమే నేర్పింది. కలకండ నోట్లో పెట్టుకుని మాట్లాడకుండా ఎంతసేపుండగలమో పందెం వేసుకునేవాళ్ళం. ఆమే ఓడిపోయేది, నవ్వొచ్చి.

ఆ వేసవిలో రైలు దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నిలబడ్డ మనిషిని నేను పిన్ని అనుకోలేదు. మెడ ఎముకలు బయటికొచ్చి, కళ్ళు పెద్దవైపోయి ఉంది. నన్నెత్తుకోబోయి ఎత్తలేక నవ్వేసింది. అన్నం మాత్రం ఇద్దరి తిండి తింటోంది. కూజాడు నీళ్ళు అలాగే ఎత్తి తాగేస్తోంది, తాగి మళ్ళీ దొడ్లోకి పోతోంది. అమ్మమ్మ రోజూ ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తోంది. "ఒకటే దిష్టే. పొయ్యిలో ఇన్ని కాయలేసినా ఘాటు రాలా చూడు" అని ఆశ్చర్యపడుతోంది. నేను మాత్రం ఆ పొగకు దగ్గి దగ్గి చచ్చాను.

జబ్బును ముందు పసిగట్టింది తాతయ్య. అదీ చీమల వల్ల. ఆయన జన్మంతా చీమలతోనే యుద్ధం. బెల్లం దిమ్మెల చుట్టూ పసుపు గీతలు, పంచదార బస్తాల కింద నీళ్ళ పళ్ళేలు. ఒక రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ దొడ్లో నిలబడిపోయాడు. నీళ్ళగది తూము దగ్గర ఎర్రచీమలు బారులు తీరి ఉన్నాయి. ఆయన గొంతుక్కూర్చుని చానాసేపు వాటినే చూశాడు. బెల్లం లేదు, పంచదార లేదు. లేచి, పుల్ల పారేసి, లోపలికొచ్చి అమ్మమ్మతో అన్నాడు:

"పిల్లకి చీర మార్చు. ఇయ్యాల రైలుకే గుంటూరు తీసకపోతన్నా."

"ఏందయ్యా, ఏమయింది?"

"చీమ తీపి లేందే రాదు" అన్నాడు. 

వాళ్ళు వెళ్ళిన రోజులన్నీ అమ్మమ్మ కొట్లో కూర్చుంది. నేను పక్కన కూర్చుని పొట్లాలకు కాయితాలు చింపాను. రైలు కూత వినపడినప్పుడల్లా ఆమె త్రాసు అలాగే పట్టుకుని ఆగిపోయేది. ఒక సాయంత్రం వాళ్ళు రిక్షా దిగారు. పిన్ని తనంతట తాను నడిచి వచ్చింది. తాతయ్య చేతిలో తడిగుడ్డ చుట్టిన ఫ్లాస్కు ఉంది.

అమ్మమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కొంగుతో తుడుచుకుంటూ, "ఆ ఫ్లాస్కు ఇటివ్వండి, కడుగుతా. కాఫీ వాసన పట్టుద్ది" అంది.

తాతయ్య ఫ్లాస్కు ఇవ్వలేదు. మూత తీసి చూపించాడు. లోపల ఐసు ముక్కలు, వాటి మధ్య గుడ్డలో చుట్టిన చిన్న సీసా, పైన రబ్బరు బిరడా. "ఇది నీ కూతురి పేణం. జాగర్త" అన్నాడు.

ఆ సాయంత్రం నడవలో కూర్చుని తాతయ్య, డాక్టరు చెప్పిందంతా అప్పజెప్పాడు. ఆయన సరుకు బేరం చేసిన గొంతుతోనే చెప్పాడు గాని, మధ్యమధ్య గుక్క తిప్పుకున్నాడు. కడుపులో ఒక గ్రంథి ఉందట. మనం తిన్న అన్నం లోపల తీపిగా మారి నెత్తుట్లో కలుస్తుందట. ఆ తీపిని ఒంటికి అందించే రసం ఆ గ్రంథిలో ఊరాలట. పిన్నికది ఊరడం మానేసింది. అందుకని తిన్నదంతా ఒంటికి పట్టకుండా మూత్రంలో పోతోంది. ఆ రసాన్నే సూదితో ఎక్కించాలి.

"ఎన్నాళ్ళు?" అంది అమ్మమ్మ.

"ఉన్నన్నాళ్ళు."

అమ్మమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "తగ్గదా?"

"తగ్గదంట. తగ్గే జబ్బు కాదంట. కూడా పెట్టుకుని బతికే జబ్బంట."

నాకు ఆ మాట భలే వింతగా తోచింది. జబ్బంటే జ్వరం, రావాలి, పోవాలి. ఉండిపోయే జబ్బొకటి ఉంటుందని, దానికి మనింట్లో చోటివ్వాలని, నేనెప్పుడూ వినలేదు. అది నిజంగా ఇంటికొచ్చిన చుట్టమే అయినట్టు మర్నాటి నుంచి ఏర్పాట్లు మొదలయ్యాయి.

ముందు దానికో ఇల్లు కావాలి. మాచర్ల ఎండకు రోట్లో పోసిన నీళ్ళు కూడా కాగిపోయేవి. ఆ మందుకు వేడి తగలకూడదు, అలాగని గడ్డ కట్టకూడదు. ఫ్రిజ్జు అనే వస్తువు ఊళ్ళో ఎవరింట్లోనూ చూసినట్టు గుర్తులేదు. తాతయ్య పెద్ద కుండ తెచ్చి సగం ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మందు సీసాను ఆ చిన్న కుండలో పెట్టి మూతేశాడు. పూటపూటా ఇసుక తడపాలి. దేవుడి గూటి పక్కన, చీకటి మూల దాని చోటు. ఆ కుండలో చెయ్యి పెడితే బావిలో చెయ్యి పెట్టినట్టుండేది. ఎండకు తట్టుకోలేనప్పుడు నేను వెళ్ళి దానికి చెంప ఆనించుకునేదాన్ని.

కొన్నాళ్ళు కాంపౌండరు వచ్చి సూది వేశాడు. ఒకరోజు ఆయన రావడం ఆలస్యమైంది. పిన్ని గిన్నెలో నీళ్ళు పోసి, గాజు సిరంజీ, సూదీ వేసి పొయ్యి మీద మరిగించింది. గలగలమని గాజు గిన్నెకు కొట్టుకునే చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. చల్లారాక మందు లాగి, సిరంజీని వెలుతురుకు ఎత్తి, గాలిబుడగ పోయేదాకా వేలితో తట్టి, తన తొడలో తానే పొడుచుకుంది.  గడప మీద నిలబడ్డ కాంపౌండరు చెప్పులు విప్పడం మర్చిపోయి చూస్తున్నాడు. "ఇంకెందుకమ్మా నేను?" అని నవ్వి, వెనక్కి తిరిగాడు. మా పిన్ని, పల్లేరు గుచ్చుకుంటేనే ఊరంతా వినపడేట్టు అరిచే మా పిన్ని. ఆ రోజు నుంచి ఆమెను చూడాలంటే నాకు కొంచెం తల ఎత్తి చూడాలనిపించేది.

కానీ నన్ను మంత్రం వేసినట్టు కట్టిపడేసింది సూది కాదు, నీలం మందు.

దొడ్లో మునగచెట్టు కింద బల్ల. బల్ల మీద స్పిరిటు దీపం, గాజు గొట్టం, నీలం మందు సీసా. పిన్ని గొట్టంలో నీలం మందు పోసి, అందులో తన మూత్రం కాసిని చుక్కలు వేసి, పట్టకారుతో పట్టుకుని దీపం మీద కాచేది. నీలంగానే ఉంటే తీపి లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కాస్త ఉన్నట్టు. పసుపు, ఆ తర్వాత నారింజ. ఇటుక రంగొస్తే చానా ఎక్కువ. నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. కళ్ళముందే, పిన్ని వేళ్ళ మధ్య, ఆకాశం రంగు మారి మారి మట్టి రంగైపోయేది. మనిషి లోపల జరుగుతున్నది, ఎవరికీ కనపడనిది, ఇలా రంగై బయటికొచ్చి నిలబడుతుందంటే నాకు నమ్మబుద్ధయ్యేది కాదు. ఆకుపచ్చ వచ్చిన రోజు పిన్ని మొహం వెలిగేది. "ఇయ్యాల మనం పాసే" అనేది.

మామిడిపళ్ళ కాలం. పిన్ని నాకు పండు కోసిపెట్టి, తను తొక్క ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఒకరోజు నేను పండు తింటూ, రసం వేలితో తీసి, పిన్ని అటు తిరిగినప్పుడు గొట్టంలో వేసేశాను. కాచీకాచగానే భగ్గున ఇటుక రంగు. పిన్ని హడలిపోయింది. నా వేళ్ళకంటిన రసం చూసింది. తిడుతుందని నేను మునగచెట్టు వెనక్కి పోయాను. ఆమె గొట్టాన్ని ఎండకేసి ఎత్తి పట్టుకుని పకపకా నవ్వింది.

"ఏమే, ఇటు రా! మామిడిపండుక్కూడా నా జబ్బే ఉంది చూడు!"

ఇంక మాకు పట్టపగ్గాల్లేవు. ద్రాక్షపండు వేశాం, ఎర్ర. జామపండు వేశాం, ఎర్ర. గంజి వేస్తే ఎంత కాచినా నీలంగానే ఉంది. ఆ గంజే లోపలికి పోయి తీపవుతుందని తాతయ్య చెప్పాడు కదా అని ఇద్దరం ఆ నీలం గొట్టం కేసి చూస్తూ కూర్చున్నాం. "కడుపు ఎంత పెద్ద వంటమనిషే" అంది పిన్ని మెల్లగా. ఆ సీసా అంతా మేమే తగలేశామని తెలిసి తాతయ్య కేకలేసినా, ఆ మాట విని ఆయనా ఊరుకున్నాడు.

పిన్నికి కండ పట్టింది. జొన్నరొట్టె, గోంగూర పప్పు, మజ్జిగ, వేళ తప్పకుండా. కొట్లోకి రాకూడదని కట్టడి. "తీపి నీకు విషం లెక్క" అని డాక్టరన్న మాట అమ్మమ్మ రోజుకోసారైనా అనేది. డాక్టరు పిన్నికి ఒక్కదానికే విడిగా చెప్పిన సంగతి ఇంకోటుంది. సూది వేసుకుని వేళకు అన్నం తినకపోతే ఒంట్లో తీపి మరీ పడిపోతుంది, అది ఎక్కువ కావడం కంటే తొందరగా చంపుతుంది అని. ఆ సంగతి పిన్ని నాకే చెప్పింది. పెద్దవాళ్ళకు చెబితే భయపడతారని.

అప్పుడొచ్చాడు మా అమ్మమ్మ అన్న కొడుకు. గుంటూరులో మందుల షాపులో పనిచేసేవాడు. మజ్జిగ తాగుతూ, కుండలో ఉన్న సీసా చూసి, తనకు తెలిసింది చెప్పాలన్న ఉత్సాహంతో చెప్పేశాడు.

"ఇది పశువుల కడుపులోంచి తీస్తారు అత్తయ్యా. పందుల్లోంచి కూడా."

 అతను వెళ్ళాక అమ్మమ్మ తాతయ్యను పిలిచింది. మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు. ఉల్లిపాయ కూడా అమ్మమ్మ ఏకాదశికి ముట్టదు.

"మీకు తెలుసా?" అంది.

"తెలుసు. గుంటూర్లో డాక్టరు ముందే అడిగాడు, మీరేమైనా అనుకుంటారా అని."

"ఏమన్నారు?"

"పిల్ల బతకాలన్నా."

అమ్మమ్మ ఆ పూట అన్నం తినలేదు. కుండ దగ్గరికి పోవడం మానేసింది. దేవుడి గూటి పక్క నుంచి తీసి వరండాలో పెట్టించింది. ఇసుక తడపడం పిన్నీ నేనూ చూసుకున్నాం. పిన్నిని తిట్టలేదు, మందు మానమనలేదు. మనిషి మాత్రం కుంగిపోయింది. చివరికి ఒక మొక్కు మొక్కుకుంది. వరసగా కొన్ని శనివారాలు కూతురూ తనూ పొద్దుగూకేదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టకుండా ఉండి, సాయంత్రం చెన్నకేశవస్వామి గుడికి పోవాలి. స్వామి జబ్బు తీసేస్తాడు. అప్పుడిక ఆ మందుతో పని ఉండదు.

"ఒక్కపొద్దే గదమ్మా, ఉంటాలే" అంది పిన్ని. తల్లి మొహం చూసి అంది.

శనివారం పొద్దున పిన్ని రోజూకన్నా తక్కువ మందు వేసుకుంది. అసలు మానకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడట. నన్ను దొడ్లోకి పిలిచి, నా గౌను జేబులో బెల్లం ముక్క పెట్టింది.

"నాకు చెమటలు పోసినా, నేను తిక్కతిక్కగా మాట్లాడినా, ఇది నా నోట్లో పెట్టు. ఒకవేళ పడిపోతే నీళ్ళు మాత్రం పొయ్యనీయకు, ఊపిరి తిత్తుల్లోకి పోతాయంట. చెంప లోపల రాయాల. గుర్తుంటదా?"

గుర్తుంటుందన్నాను. నా గుండె జేబులోకి దిగినట్టయింది.

ఎండ బాగా ఎక్కాక తాతయ్య గూడ్సులో సరుకొచ్చిందని స్టేషనుకు వెళ్ళాడు. అమ్మమ్మ వత్తులు చేసుకుంటోంది. పిన్ని గోడకానుకుని కూర్చుని నాతో అష్టాచెమ్మా ఆడుతోంది. నా గవ్వలు తను వేసేసింది. వద్దంటే నవ్వింది. ఆ నవ్వు పిన్నిది కాదు. పైపెదవి మీద చెమట పూసలు కట్టింది. నేను గబగబా బెల్లం తీసి చెయ్యి చాపాను.

"పిన్నీ, తిను."

"పోవే! మొక్కు చెడగొడతావా?" అని నా చెయ్యి విసిరికొట్టింది. బెల్లం ఎగిరి ఎక్కడో పడింది. తినమని చెప్పింది ఆమే, ఇప్పుడు తినననేదీ ఆమే. ఆ కళ్ళు నన్ను గుర్తుపట్టడం లేదు. లేవబోయి, గోడ వారగా జారి, పక్కకు ఒరిగిపోయింది.

అమ్మమ్మ వత్తులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, అమ్మా" అని బుగ్గలు తట్టింది. ఒళ్ళంతా నీళ్ళు పోసినట్టు తడి, మంచులా చల్లగా ఉంది. చెంబు అందుకుంది.

"నీళ్ళొద్దు అమ్మమ్మా! బెల్లం పెట్టాల! పిన్ని చెప్పింది!"

"బెల్లమా! విషమని డాక్టరు చెప్పలా? చంపుకోమంటావా నా బిడ్డని?"

"సూదేసుకుని అన్నం తినకపోతే తీపి అయిపోద్దంట! అయిపోతే చచ్చిపోతారంట! చెంప లోపల రాయాలంట!"

అమ్మమ్మ నా మొహంలోకి చూసింది. నా జీవితంలో ఎవరూ నన్ను మళ్ళీ అలా చూడలేదు. ఒక పక్క డాక్టరు మాట, ఒక పక్క మొక్కు, ఎదురుగా ముక్కు కారుతూ ఏడుస్తున్న చిన్నపిల్ల. ఆమె చెంబు కింద పెట్టేసింది. కొట్లోకి పరిగెత్తి, బెల్లం దిమ్మెను గోళ్ళతో గీరి, గుప్పెట్లో తెచ్చి, అరచేతిలో రెండు చుక్కల నీళ్ళతో మెదిపింది. కూతురి తల ఒళ్ళో పక్కకు తిప్పి పెట్టుకుని, బిగిసిన పెదవుల మధ్య నుంచి వేలు దూర్చి, చెంప లోపల రుద్దింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ రుద్దింది. పెదవులు కదులుతున్నాయి గాని ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో నాకు వినపడలేదు.

బయట ఎవరో ఉప్పు కావాలని కొట్టు ముందు కేకేస్తున్నారు. గోడ మీద బల్లి కదలకుండా ఉంది. పిన్ని మెడ దగ్గర చిన్నగా ఏదో కొట్టుకుంటోంది, నేను దాన్నే చూస్తున్నాను.

ముందు పిన్ని నాలుక కదిలింది. అమ్మమ్మ వేలిని వెతుక్కుంటున్నట్టు, పసిపిల్ల చప్పరించినట్టు. అమ్మమ్మ ఏడుపు మింగి ఇంకాస్త పెట్టింది. మొహంలోకి రంగు రావడం నేను చూశాను. గొట్టంలో నీలం మారినట్టే, కళ్ళముందే. రెప్పలు కదిలాయి. కళ్ళు తెరిచింది. మా ఇద్దర్నీ చాలాసేపు కొత్తవాళ్ళను చూసినట్టు చూసి, అప్పుడు అంది:

"ఏందమ్మా, ఒళ్ళో పండుకోబెట్టుకున్నావు? పొద్దుగూకిందా?"

పోయిన మనిషి తిరిగొచ్చింది. నేనైతే అలాగే అనుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివి, ఇంత వయసొచ్చాక కూడా, అలా కాదని గట్టిగా చెప్పలేను. పొద్దునదాకా విషమన్నది, మా ఇంట్లో బస్తాలకొద్దీ పడి ఉన్నది, గోరంత గీరి పెడితే ప్రాణం పిలిచినట్టు వచ్చింది. ఎక్కువైతే తీసేది, తక్కువైతే తీసేది, ఆ రెంటి మధ్య సన్నటి గట్టు మీద పిన్ని రోజూ నడుస్తోంది. మేమంతా నడుస్తున్నామట, మాకు తెలియకుండానే. మాకు లోపల ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. పిన్నికి ఎవరూ లేరు, తనే నడవాలి. ఇదంతా ఆ రోజు ఈ మాటల్లో తెలియలేదు. ఒళ్ళు జలదరించడం మాత్రం తెలిసింది.

తాతయ్య వచ్చేసరికి పిన్ని మజ్జిగన్నం తింటోంది. అమ్మమ్మ ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దా లోపలికి పోవడం చూస్తోంది. "మొక్కు నా చేత్తోనే చెడగొట్టా. స్వామికి కోపమొస్తే నా మీద రానీ" అంది. ఆ సాయంత్రం ఆమే వెళ్ళి వరండాలో కుండ ఎత్తుకొచ్చి, మళ్ళీ దేవుడి గూటి పక్కన పెట్టింది. ఇసుక మీద నీళ్ళు పోసి, కుండకు బొట్టు పెట్టింది. సీసా అడుగంటేదాకా, కొత్త సీసా వచ్చాక కూడా, ఆ పని ఇంకెవర్నీ చెయ్యనివ్వలేదు.

ఇంకో మార్పు కూడా నేను చూశాను. మా వీధిలో పందులు తిరిగేవి. అవి గుమ్మం ముందుకొస్తే చాలు అమ్మమ్మ దుడ్డుకర్ర పట్టుకుని సందు చివరిదాకా తరిమేది. ఆ వేసవి మిగిలిన రోజుల్లో ఆ కర్ర ముట్టలేదు. ఒక మధ్యాహ్నం పంది ఒకటి పిల్లల్నేసుకుని మా అరుగు నీడన పడుకుంది. అమ్మమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. లోపలికెళ్ళి బియ్యం కడిగిన నీళ్ళు పాత మూకుట్లో పోసి తెచ్చి, కొంచెం దూరంగా పెట్టి, ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకునే నిలబడింది. 

పిన్ని ట్రైనింగు చదివి గురజాల దగ్గర పల్లెలో పంతులమ్మ అయింది. పెళ్ళి వద్దంది, ఎవరూ బలవంతపెట్టలేదు. పిల్లలకు సైన్సు పాఠం చెబుతూ మామిడిరసం ఎర్రగా మారడం చూపించేదట. జబ్బు మాత్రం ఆమెను ఊరికే వదల్లేదు. నడివయసులో కళ్ళకు పొరలు కమ్మినట్టయి, హైదరాబాదు తీసుకెళ్ళి ఏవో కిరణాలు పెట్టించారు. పాదాలకు స్పర్శ పోయింది. ఒకసారి చెప్పులో మేకు దిగి, అలాగే బడికి పోయి, పాఠాలన్నీ చెప్పి, ఇంటికొచ్చి నేల మీద నెత్తురు మరకలు చూసి ఎవరివా అనుకుందట. అది మానక ఒక వేలు తీసేశారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం అద్దం కింద పెట్టి పాదాలు చూసుకునేది, ఎదిగే పిల్లను చూసుకున్నట్టు. ఈలోగా మందులు మారాయి, సూదులు వెంట్రుకంత సన్నబడ్డాయి, పశువులతో పని లేని మందొచ్చింది. అది వచ్చిందని చెబుదామంటే అప్పటికి అమ్మమ్మ లేదు.

పిన్ని మొన్నమొన్నటిదాకా ఉంది. ఆ జబ్బుతో అంతకాలం బతికిన మనిషిని తాను చూడలేదని ఆమెకు చివర్లో వైద్యం చేసిన కుర్ర డాక్టరు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. వెళ్ళిపోవడానికి ముందు ఏడాది, ఎండాకాలంలోనే, నేను వెళ్ళి కొన్నాళ్ళున్నాను. మధ్యాహ్నం ఇద్దరం చాప మీద పడుకున్నాం. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అప్పుడడిగాను.

"పిన్నీ, ఆ శనివారం నువ్వు పడిపోయినప్పుడు నీకేం తెలిసింది? భయమేసిందా?"

పిన్ని పైకప్పు కేసి చూసింది. చూపు సరిగా లేని ఆ కళ్ళు అక్కడేదో చూస్తున్నట్టే ఉన్నాయి.

"భయమెయ్యడానికి నేనంటూ ఉండాల గదే. నేను లేను. ఏమీ లేదు. ముందు తీపి తెలిసింది. ఎవరికి తెలిసిందంటే చెప్పలేను, నాకు నోరుందని కూడా తెలీదు. ఉత్త తీపి. ఆ తర్వాత గరుగ్గా ఏందో తగిలింది. కారాలు దంచీ దంచీ గరుకెక్కిన వేలు. అది అమ్మ వేలని తెలిసింది. అమ్మ వేలయితే, మరి నేను ఆమె కూతుర్నే గదా అనుకున్నా. అట్టా వచ్చా. నా పేరు మాత్రం ఇంకా చానాసేపటికి గాని గుర్తు రాలా."

 కాసేపటికి పిన్ని, పక్కన నేనున్నానన్న సంగతి మరిచిపోయినట్టు, నాలుకతో తన చెంప లోపల మెల్లగా తడుముకుంది.